పోయొస్తాలో సగం

ఒక ముసలమ్మ నోట్లోని మాటను సగానికి కోయించిన పాపం నాది. కోసింది ఆమె కూతురే. కానీ కొయ్యమని ఎర్ర అక్షరాల్లో రాసిచ్చింది నేను. ఆ మిగతా సగం కోసం తర్వాత నేను వెతకని చోటు లేదు. ఇప్పటికీ ఎవరైనా గుమ్మంలో నిలబడి "పోయొస్తా" అంటే, ఆ మాట పూర్తయ్యేదాకా నాకు స్థిమితం ఉండదు.

నేను నరసరావుపేటలో టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో పాఠాలు చెబుతాను. పల్లెల్లో పనిచేసే టీచర్లు మా దగ్గరికి కంప్యూటర్ శిక్షణకు వస్తారు. చివర్లో ఒక్కొక్కరూ తమ క్లాసుకు పనికొచ్చే వెబ్‌సైటు ఒకటి తయారు చేసి చూపించాలి. స్పష్టతకు ఇరవై, అమరికకు ఇరవై, మిగతావాటికి మిగతా మార్కులు. ఆ మార్కులు వేసే పని నాకు పడింది. పడింది అనడం అబద్ధం, అడిగి తీసుకున్నాను. తప్పులు పట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. "పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా మీరు ముందు అచ్చుతప్పులే చూస్తారు" అంటుంది మా ఆవిడ. అందులో నాకు తప్పేమీ కనబడదు. శుభలేఖలో తప్పు ఉంటే ఉన్నట్టేగా.

ఆ విడతలో వచ్చిన సైట్లు చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఒక లెక్కల మాస్టారి సైటు తెరవగానే పెళ్ళి వీడియోలో మాదిరి గులాబీలు రాలాయి. ఇంకొకాయన ఎర్ర నేల మీద ఊదారంగు అక్షరాలు పెట్టాడు, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభకు కట్టిన లైట్లన్నీ ఒకేసారి వెలిగి ఆరినట్టు మిణుకుమంటాయి. ఎక్కాలు నేర్చుకోవాలంటే పిల్లవాడు ఏడుసార్లు నొక్కాలి, మధ్యలో మాస్టారి సన్మానం ఫోటోలు నాలుగు దాటాలి. అందరికీ ఎర్రరంగులో చీవాట్లు రాశాను. రాస్తున్నంతసేపూ హాయిగా ఉందని ఒప్పుకోవాలి.

ఆ గోలంతా చూశాక ఒక సైటు తెరిస్తే అంతా నిశ్శబ్దం. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, పైన "మామ్మ మాటలు" అని పేరు. ఈపూరు వైపు ఒక పల్లెలో ఒకటి, రెండు తరగతులకు చెప్పే టీచరమ్మ చేసింది. మనిషి ముప్పై అయిదేళ్ళది, శిక్షణలో వెనక బెంచీలో కూర్చుని రాసుకునేదే తప్ప నోరెత్తేది కాదు. సైటులో ఒక్కో మాటను నొక్కితే ఒక ముసలమ్మ గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు వాళ్ళ అమ్మది. బళ్ళో పిల్లలందరికీ ఆమె మామ్మే.

ఆ ముసలమ్మ చెప్పేవన్నీ ఒక రకం మాటలు. చెడు పైకి అనకుండా చెప్పే మాటలు. "డబ్బాలో బియ్యం లేవనుకో. లేవు అనకూడదురా అయ్యా. నిండుకున్నయ్ అనాల." ఇంకో మాట నొక్కితే దీపం సంగతి. "ఆరిపోయింది అనబాకు. కొండెక్కింది అను." వెనక నుంచి ఒక పిల్ల గొంతు, "ఏ కొండ మామ్మా? కోటప్పకొండా?" అని అడుగుతుంది. ముసలమ్మ నవ్వుతుంది. "ఏదో ఒక కొండలేవే. మనం చర్చికి పొయ్యేవోళ్ళమైనా మాట మాత్తరం అదే." ఆ నవ్వులో కొంచెం ఆయాసం ఉంది. నేనది రికార్డింగు లోపం అని రాసుకున్నాను.

ప్రతి పేజీ అడుగున ఒక బటన్. దాని మీద "పోయొస్తా" అని రాసి ఉంది. నొక్కితే ముసలమ్మ "పోయీ..." అని సాగదీసి, ఆగి, ఊపిరి పీల్చుకుని, "వస్తానమ్మా" అంటుంది. ఆ మాట పూర్తయ్యాకే పేజీ మారుతుంది. నేను గడియారం పెట్టి చూశాను. అయిదు సెకన్లు. అయిదు సెకన్లు ఏ పిల్లవాడూ ఆగడు, మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు, ఫోను బిగుసుకుపోతుంది. కాబట్టి రాశాను. బటన్ మీద "ముగించు" అని ఉండాలి. ధ్వని రెండు సెకన్లు దాటకూడదు. ఖాళీ అయినదాన్ని నిండుకుంది అని నేర్పితే పిల్లలకు అయోమయం. స్పష్టత, ఇరవైకి ఎనిమిది.

మర్నాడు టీచరమ్మ నా గదికి వచ్చింది. కాగితం మడత విప్పి టేబుల్ మీద పెట్టింది.

"సార్, అన్నీ మారుస్తా. ఆ బటన్ ఒక్కటి వదిలెయ్యండి."

"ఎందుకమ్మా?"

"ముగించు అంటే అమ్మ ఒప్పుకోవట్లా. పోతా అని కూడా అనదు. పోయొస్తా అంటేనే నోరు తెరుస్తది."

"సరే, పేరు అలాగే ఉంచండి. కానీ అంత పొడుగేంది? రెండు సెకన్లకు తగ్గించండి."

"మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటది సార్. అందుకని పొడుగు."

"అయితే ఆ ఊపిరి తీసెయ్యండి" అన్నాను.

అన్నాక కూడా నాకేమీ అనిపించలేదు. కంప్యూటర్ భాషలో అది మామూలు మాట, శబ్దాల మధ్య ఖాళీలు తీసేయమని. ఆమె మాత్రం నా మొహం వంక ఒక క్షణం చూసింది. కాగితం మడిచి, "పోయొస్తా సార్" అని వెళ్ళింది.

మాట మధ్య నుంచి ఊపిరి ఒక్కటే తీసి, రెండు ముక్కల్నీ అతకడం ఆమెకు చేతకాలేదు. ఫోనులో రికార్డింగు తెరిచి, రెండు సెకన్ల దగ్గర గీత పెట్టి, అక్కణ్ణుంచి చివరిదాకా కోసేసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. దిద్దుకొచ్చాక రెండో విడతలో సైటు చూసినప్పుడు నేను గడియారమే చూశాను. రెండు సెకన్లు. బాగుంది. స్పష్టతకు ఇరవైకి పద్దెనిమిది వేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోటికి ఆ సామెత అప్పుడు గుర్తు రాలేదు.

శిక్షణ చివరి రోజు ల్యాబులో అందరినీ కూర్చోబెట్టి, దిద్దుకుంటే సైటు ఎంత బాగుపడుతుందో చూపిద్దామని ఆమె సైటే ఎంచుకున్నాను. మధ్యాహ్నం మూడు గంటలు. ఎండకు కిటికీ చువ్వలు కూడా కాలుతున్నాయి. ఇరవై నాలుగు కంప్యూటర్లలో ఆ పేజీ తెరిపించి, "అడుగున ఉన్న బటన్ నొక్కండి, ఎంత చురుగ్గా మారుతుందో చూడండి" అన్నాను.

నొక్కారు. అందరి చెయ్యీ ఒకేసారి పడదు కదా. ముందు వరసలో ఒక పోయీ. పక్కన ఇంకొకటి. తర్వాత వెనక నుంచి, మూలల నుంచి, ఒకదాని మీద ఒకటి, పోయీ, పోయీ, పోయీ. అదే ముసలి గొంతు ఇరవై నాలుగు నోళ్ళతో. ఒక్కటీ వస్తానని అనడం లేదు. ల్యాబులో అంతమంది ఉన్నాం, ఒక్కరూ నవ్వలేదు. నాకు మెడ వెనక చల్లబడింది, అంత ఎండలో.

వరండా ఊడుస్తున్న మా ఆయమ్మ చీపురు పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఎవురు పొయ్యారు సార్?" అని అడిగింది.

అప్పుడు నవ్వారు అందరూ. టీచరమ్మ నవ్వలేదు. తన ముందున్న తెర వంకే చూస్తూ కూర్చుంది. సాయంత్రం అందరూ చెప్పి వెళ్ళారు గానీ, ఆమె నా ముందు నుంచి తల ఊపి వెళ్ళిపోయింది. రోజూ పోయొస్తా సార్ అనే మనిషి.

నెల తిరక్కుండానే ఆమె తల్లి చనిపోయిందని అదే బ్యాచిలో ఇంకో టీచరు చెప్పాడు. అప్పుడు తెలిసింది, ఆ ఆయాసం రికార్డింగు లోపం కాదని. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఎక్కువ రోజులు ఉండదని నరసరావుపేటలో డాక్టర్లు చెప్పిన మీదటే కూతురు ఆ మాటలన్నీ రికార్డు చేసింది. మాతో ఒక్కమాట అనలేదు. అని ఉంటే నేను మార్కులు ఎక్కువ వేసేవాణ్ణా అంటే, నిజం చెప్పాలి, వేసేవాణ్ణి కాదు. జాలికి మార్కులుండవు అని ఇంకో లెక్చరు ఇచ్చేవాణ్ణి.

పోయిన తల్లి కోసం చర్చిలో ఆదరణ కూటం, అదే ప్రార్థన, అయిన మర్నాడు టీచరమ్మ ఫోన్ చేసింది.

"సార్, మీ దగ్గర నా మొదటి సైటు ఉందా?"

"ఎందుకమ్మా?"

"అందులో అమ్మ వస్తానని అన్నది సార్. నా ఫోన్లో ఇప్పుడు పోయి అనేది ఒక్కటే ఉంది. కోసినాక దాని మీదే సేవ్ చేశా. పాతది పోతదని నాకు తెలవలా. ఆస్పత్రికి తీసకపొయ్యేటప్పుడు నోట్లో గొట్టం పెట్టారు. ఎవురికీ చెప్పకుండానే పొయ్యింది. ఎప్పుడూ అట్టా పోలా సార్ మా అమ్మ. పక్కింటికి పోయినా చెప్పే పొయ్యేది."

వెతికి చెబుతానన్నాను. వెతకడానికి ముందే నాకు తెలుసు, లేదని. మార్కులు పంపగానే మొదటి విడత సైట్లన్నీ నా చేత్తో చెరిపేశాను. నా కంప్యూటర్లో చెత్త ఉండదని నాకొక గర్వం. అయినా వెతికాను. పెన్‌డ్రైవులు, పాత ల్యాప్‌టాపు, మా ఆవిడ ఫోను. ల్యాబులో ఇరవై నాలుగు మిషన్లూ ఒక్కొక్కటీ తెరిచాను. ఏదో పరీక్ష కోసం వాటన్నిటినీ శుభ్రంగా తుడిపించింది కూడా నేనే.

చివరికి మిగిలిన ఆ రెండు సెకన్ల ముక్కనే శబ్దం గీతలుగా చూపించే ప్రోగ్రాంలో పెట్టాను. మామూలుగా మాట అయిపోతే గీత కిందికి దిగి పడుకుంటుంది. ఇది పడుకోలేదు. అంచుకు వచ్చి, పైకి లేస్తూ తెగిపోయింది. అంటే అక్కడ ఆమె నోరు తెరిచే ఉంది. ఊపిరి లోపలికి పీలుస్తూ ఉంది. మనిషి పోతే ముందు కళ్ళు మూస్తాం, నోరు మూస్తాం. ఈ ముసలమ్మ నోరు మాత్రం నా ల్యాప్‌టాపులో తెరుచుకునే ఉండిపోయింది. మూత దించేసి బయటికి వెళ్ళి టీ తాగాను. సగం చొక్కా మీద పోసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు ఆ ఒక్క మాటే వినబడేది. మన భాషలో దాన్ని ఎన్నిచోట్ల వాడతామో అప్పుడు తెలిసింది. వంటింట్లోంచి మా ఆవిడ "కరెంటు పోయె!" అంటే ఉలిక్కిపడేవాణ్ణి. బస్టాండులో ఎవరో "మాచర్ల బస్సు పోయె" అంటారు. చొక్కా గుండీ పోయె, సిగ్నల్ పోయె, పొద్దు పోయె. "ఏందండీ, ఏమన్నా తొక్కి వచ్చారా?" అని మా ఆవిడ దిష్టి తీసింది. తీయించుకున్నాను.

వేసవి సెలవులు వచ్చాయి. సైటును ఎన్నిసార్లు తెరిచారో చూపించే అంకె ఒకటి పేజీ మూలన ఉండాలని టీచర్లందరికీ చెప్పిందీ నేనే. ఒకరోజు తోచక ఆమె సైటు తెరిస్తే ఆ అంకె పెరిగి ఉంది. మర్నాడు ఇంకొంచెం. బడి లేదు, శిక్షణ లేదు, అది తెరిచే అవసరం ఎవరికీ లేదు. నేను తెరిచినవి తీసేసి చూసినా రోజూ పెరుగుతోంది. పొద్దున చూస్తే కదలదు. మధ్యాహ్నం చూసినా కదలదు. ఒకరోజు కాపు కాశాను. నాలుగు దాటాక పేజీ మళ్ళీ తెరిస్తే, అంకె మారింది. అక్కడెవరో ఆ క్షణంలోనే బటన్ నొక్కుతున్నారు. ఎండ ఇంకా తగ్గలేదు, వీధిలో మనుషులు తిరుగుతున్నారు, అయినా నేను లేచి గది తలుపులు బార్లా తెరిచాను.

టీచరమ్మకు ఫోన్ చేశాను. "సైటు చూస్తున్నారామ్మా?"

"లేదు సార్. ఆ సగం మాట వినలేక తెరవడమే మానేశా. దొరికిందా సార్?"

లేదని చెప్పలేకపోయాను. బడి తెరిచాక వస్తానని చెప్పాను.

జూన్‌లో ఈపూరు బస్సెక్కి దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఆ ఊరు వెళ్ళాను. చేలల్లో పత్తి గింజలు పెడుతున్నారు. బడి రెండు గదులు. నేను వెళ్ళేసరికి మూడున్నర. టీచరమ్మ బయటికొచ్చి నా చేతుల వంక చూసింది, ఏదైనా తెచ్చానేమోనని. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. నిండుకున్నాయని అనాలేమో.

"నా దగ్గర లేదమ్మా" అన్నాను. "చెరిపింది నేనే. ల్యాబులో కూడా నేనే తుడిపించాను. కొయ్యమన్నదీ నేనే." ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడకు ఆనుకుని, "అయితే ఇంక లేనట్టే" అంది.

నాలుగు కావస్తుంటే లోపల పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. రెండో తరగతి పిల్ల ఒకతి చొరవగా వెళ్ళి గోడకున్న టీవీలో మామ్మ మాటలు తెరిచింది. రికార్డింగులో ఏ కొండ అని అడిగిన గొంతు ఆ పిల్లదే.

"వద్దే, ఆపు" అంది టీచరమ్మ గుమ్మంలోంచి.

"ఇంటికి పోతున్నాం కదా టీచర్, మామ్మకు చెప్పొద్దా?"

"సెలవుల్లో కూడా నొక్కింది నువ్వేనా?" అని అడిగాను.

"అందరం సార్. మా అమ్మ ఫోన్లో. రోజూ నాలుగింటికి మా అరుగు మీద."

"ఎందుకు?"

ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "మామ్మ సగంలో ఆగిపోద్ది సార్. మిగతాది మేం అనకపోతే ఎట్టా? వస్తా అనకుండా పోతే తిరిగి రావడం తెలవదంట. మామ్మే చెప్పింది."

టీచరమ్మకు కూడా ఇది తెలియదు. ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. మొదటి సైటును నాకు చూపించకముందే ఆమె రెండు నెలలు క్లాసులో వాడింది, ఆ పిల్లలకు మాట మొత్తం వచ్చు. కోసిన రోజు నుంచీ మిగతాది వాళ్ళే అంటున్నారు.

పిల్ల బటన్ నొక్కింది. టీవీలోంచి ముసలమ్మ, "పోయీ..." అంది. తెగింది.

అప్పుడు పంతొమ్మిది మంది పిల్లలు ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. నేను తీసెయ్యమన్న ఊపిరి. ఎంత సేపు ఆగాలో అంతసేపు ఆగారు, ఒక్క పిసరు తేడా లేకుండా. తర్వాత ఆమె సాగదీసినట్టే సాగదీసి, ఆ ఆయాసంతో సహా, "వస్తానమ్మా" అన్నారు. అన్నీ లేత గొంతులే. కానీ కలిసి వచ్చినప్పుడు అది పిల్లల మాట కాదు. గదిలో ఆవిడ ఉంది. నా ఒళ్ళు జలదరించింది, అయినా భయమని అనలేను.

టీచరమ్మ గుమ్మంలోనే కూలబడింది. ఏడుస్తోంది. ఏడుస్తూనే, "ఆ, పోయిరామ్మా" అంది.

కాసేపటికి నేను, "నా ఫోనులో రికార్డు చేసిస్తాను, సైటులో అతికిద్దాం" అన్నాను. అలవాటు కొద్దీ.

"వద్దు సార్" అంది కళ్ళు తుడుచుకుని. "రికార్డు చేస్తే మళ్ళీ ఎవురో ఒకరు కోస్తారు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. చెప్పులు వేసుకుని వాకిట్లోకి నడిచాను. నేనెప్పుడూ వెళ్ళేటప్పుడు "ఉంటానండీ" అనేసి వెళ్ళే మనిషిని. ఆ రోజు గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "పోయి..." అన్నాను. మిగతాది రాలేదు.

నా వెనక పంతొమ్మిది మంది ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. వాళ్ళు నా మాట పూర్తి చేసేదాకా గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.